ఎనిమిదింటిలో ఏది?

కనుమనాడు కాకైనా కదలదంటారు. అందుకని మా అమ్మాయి హైదరాబాదు ప్రయాణం మర్నాటికి వాయిదా పడింది. అందుకే ఈ కింది మాటలు నా చెవిన పడ్డాయి.

మా అన్నయ్య గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 34 ఏళ్లు పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఏ గిత్త ఏ ఆవు కడుపున పుట్టిందో మూడు తరాలు వెనక్కి వెళ్లి చెబుతాడు. అమ్మాయి ఒక ఐవీఎఫ్ సెంటర్లో ఎంబ్రియాలజిస్టు. ఇద్దరిదీ పిండాలతో పనే గానీ ఒకరి మాట ఒకరికి ఎక్కదు. నేను హైస్కూల్లో బయాలజీ చెప్పినదాన్ని, ఇద్దరికీ మధ్య కూర్చున్నాను.

ఇదంతా ఒక ఫోనుతో మొదలైంది. అమ్మాయి వరండా చివరికి వెళ్లి పావుగంట మాట్లాడి వచ్చింది. ఎవరో దంపతులు. పేర్లు తను చెప్పలేదు, మేమూ అడగలేదు. వాళ్లకి మిగిలింది ఒకే ఒక్క పిండం, ల్యాబులో ఫ్రీజ్ చేసి ఉంది. దాని క్రోమోజోముల పరీక్షలో 'మొజాయిక్' అని వచ్చిందట. అంటే తీసిన కణాల్లో కొన్ని బాగానే ఉన్నట్టు, కొన్నిట్లో క్రోమోజోముల లెక్క తప్పినట్టు. ఏం చేయమంటారని అడుగుతున్నారు.

అన్నయ్య: అందులో ఆలోచించేదేముంది తల్లీ? విత్తనంలో పుచ్చు కనబడితే నాటం.

అమ్మాయి: మేం పుచ్చు చూసింది విత్తనంలో కాదు మావయ్యా, పొట్టులో.

అన్నయ్య: అదేం మాట?

అమ్మాయి: ఐదోరోజు పిండం ఎలా ఉంటుందో చెబుతా. మొత్తం వంద పైచిలుకు కణాలు. మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండదు. చూడటానికి నీటిబుడగ. గోడ అంతా ఒకే వరస కణాలు, గచ్చు మీద రాళ్లు పరిచినట్టు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. దాన్ని ట్రోఫెక్టోడెర్మ్ అంటాం. లోపల ఒక మూలన, గూట్లో పిచ్చుక పిల్లలు ఒదిగినట్టు, చిన్న కణాల ముద్ద ఉంటుంది. అది ఇన్నర్ సెల్ మాస్. బిడ్డ వచ్చేది ఆ ముద్దలోంచి. గోడలోంచి వచ్చేది మాయ. పరీక్షకి మేం లేజరుతో విడదీసి తీసే ఐదారు కణాలు గోడవి. ముద్ద జోలికి పోం.

అన్నయ్య: అది నాకూ తెలుసు. ఆవు గర్భంలోంచి ఏడోరోజు పిండాన్ని కడిగి తీసి, ఇంకో ఆవులో పెట్టినవాళ్లమే మేమూ. కానీ గోడైనా ముద్దైనా ఒక్క కణంలోంచి చీలినవే కదా? ఒకే తల్లి పిల్లలు. ఒకడిలో ఉన్న జబ్బు రెండోవాడిలో లేదని ఎలా అంటావు?

అమ్మాయి: లేదని అనను. ఉందని కూడా అనలేనంటున్నా. ఏ కణం గోడలోకి పోతుంది, ఏది ముద్దలోకి పోతుంది అనేది పుట్టుకతో రాసిపెట్టి లేదు. ఎక్కడ కూర్చుందో దాన్నిబట్టి తేలుతుంది.

అన్నయ్య: ఇదిగో, ఇక్కడే నాకు నీతో పడదు. పుట్టుకని తీసిపారేసి చోటుని నెత్తిన పెట్టుకుంటావు. మన ఒంగోలు పశువుల్ని ఓడల్లో బ్రెజిల్ తీసుకెళ్లారు. అక్కడ మన నెల్లూరు పేరుతో 'నెలోర్' అని పిలుస్తారు. గడ్డి వేరు, నీళ్లు వేరు. మూపురం పోయిందా? గంగడోలు తగ్గిందా?

అమ్మాయి: దూడ సంగతి వేరు మావయ్యా. అప్పటికి కణాలన్నిటికీ ఎవరి ఉద్యోగం వాళ్లకి వచ్చేసింది. నేను చెప్పేది ఉద్యోగాలు పంచకముందు సంగతి. 1959లో తార్కోవ్‌స్కీ అని పోలండ్ ఆయన ఎలుక పిండం రెండు కణాలుగా ఉన్నప్పుడు ఒకదాన్ని సూదితో పొడిచి చంపాడు. మిగిలిన ఒక్క కణంలోంచి ఏం పుట్టిందనుకున్నారు? సగం ఎలుక కాదు, నిండు ఎలుక.

అన్నయ్య: ఎరుగుదును. విలాడ్సెన్ 1979లో గొర్రెల్లో రెండు కణాల్నీ విడదీసి కవల పిల్లల్ని పుట్టించాడు. మా రోజుల్లో గొప్పగా చెప్పుకునేవాళ్లం. రెండు కణాలప్పుడు రెండూ సమానమే అనుకో. ఎనిమిదప్పుడు?

అమ్మాయి: అక్కడికే వస్తున్నా. 1967లో తార్కోవ్‌స్కీ, వ్రూబ్లెవ్‌స్కా అనే ఆవిడా కలిసి నాలుగు కణాలప్పుడు, ఎనిమిది కణాలప్పుడు పిండాల్ని విడగొట్టి, ఒక్కో కణాన్ని విడిగా పెంచారు. చాలావాటిలో ఉత్త బుడగ వచ్చింది. గోడ ఉంది, లోపల ముద్ద లేదు. ఆ కణం చేవలేనిదై కాదు. బుడగ కట్టే వేళ దాని సైజుని బట్టి రాదు, గడియారాన్ని బట్టి వస్తుంది. ఆ వేళకి చీలి చీలి చేతిలో ఉన్నవి గుప్పెడు కణాలు. చుట్టూ నిలబడటానికే అవి సరిపోయాయి. లోపల ఉండటానికి ఎవరూ మిగల్లేదు.

(ఇక్కడ నేను వొలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పెట్టేశాను. బోర్డు మీద మారులా అనే కణాల ఉండ బొమ్మ వేసి, పక్కన బ్లాస్టోసిస్టు అనే ఈ బుడగ బొమ్మ వేసి, మధ్యలో బాణం గుర్తు పెట్టేదాన్ని. ఆ బాణంలో ఏం జరుగుతుందో ఒక్క పిల్లా అడగలేదు, నేనూ చెప్పలేదు. అన్నేళ్ల పాఠం ఆ బాణంలో ఉందని ఇప్పుడు తెలుస్తోంది.)

అన్నయ్య: మరి బయట ఉన్నానని కణానికి ఎవరు చెబుతారు? కళ్లున్నాయా దానికి?

అమ్మాయి: ఎనిమిది కణాలయ్యేదాకా అవి సంచిలో గోళీల్లా విడివిడిగా గుండ్రంగా ఉంటాయి. ఎలుకల్లో ఎనిమిది కాగానే ఒకదాన్నొకటి గట్టిగా కరుచుకుంటాయి. అంచులు కనబడవు. మా భాషలో కంపాక్షన్. మనిషి పిండంలో ఇది కొంచెం ఆలస్యంగా, నాలుగోరోజు ప్రాంతంలో జరుగుతుంది. అప్పటినుంచి బయటి కణానికి ఒక ముఖం ఖాళీ, అటువైపు ఎవరూ ఉండరు. లోపలి కణానికి అన్నివైపులా చుట్టాలే. చుట్టూ ఒత్తిడి ఉన్న కణంలో యాప్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి పోకుండా గుమ్మం బయటే ఆగిపోతుంది. ఒక ముఖం ఖాళీగా ఉన్న కణంలో అది లోపలికి పోయి, సీడీఎక్స్2 అనే జన్యువుని లేపుతుంది. అది లేచిందంటే కణం గోడ దారి పట్టినట్టే.

అన్నయ్య: ఆగాగు. ఆ ఖాళీ ముఖానికి ఒక టోపీ లాంటిది కడుతుందని చదివాను. చెల్లాయ్, నా కళ్లజోడు ఇలా ఇవ్వు.

(కళ్లజోడుతో పాటు ఒక నోటుపుస్తకం కూడా అడిగాడు. అమ్మాయి నెలనెలా పంపే వ్యాసాల మీద పేజీలకి పేజీలు రాసుకున్నాడు. ఈ వాదన ఇవాళ పుట్టింది కాదని అప్పుడు అర్థమైంది నాకు.)

అన్నయ్య: జాన్సన్, జియోమెక్, 1981. కణం చీలేటప్పుడు గీత నిలువుగా పడితే ఆ టోపీ రెండు పిల్లలకీ చెరి సగం వస్తుంది. అడ్డంగా పడితే ఒకదానికే మొత్తం, రెండోదానికి సున్నా. టోపీ దక్కినది గోడ, దక్కనిది ముద్ద. మరి ఇది వారసత్వం కాదూ? తండ్రి ఆస్తి పెద్దవాడికి రాస్తే వాడు ఆసామి, రాయకపోతే రెండోవాడు కూలీ.

అమ్మాయి: టోపీ లేకుండా పుట్టిన లోపలి కణాన్ని తీసి బయట పెడితే అది సొంతంగా టోపీ కట్టుకుంటుంది మావయ్యా. కొంతసేపటి వరకే. ఎలుకల్లో 32 కణాల దశ దాటుతుంటే బయటివాటికి ఆ స్వేచ్ఛ పోతుంది, లోపలివాటికి ఇంకాసేపు ఉంటుంది. మనిషి పిండంలో ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. బ్లాస్టోసిస్టు కట్టాక కూడా లోపలి కణాలు మళ్లీ గోడ కణాలు కాగలవని 2021లో తేలింది. ఆస్తి రాయకపోయినా సంపాదించుకోగలిగితే దాన్ని వారసత్వమని ఎలా అంటాం?

అన్నయ్య: సరే, ఇది విను. 2007. నాలుగు కణాలప్పుడే వాటిలో డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీద గుర్తులు ఒకేలా లేవని మాగ్దలీనా జెర్నికా-గోట్జ్ బృందం చూపించింది. గుర్తులు ఎక్కువున్న కణం సంతానం ముద్ద వైపు మొగ్గింది. ఇంకోటి, 2017. పెద్దవాళ్ల రక్తంలో జన్యుమార్పుల ఆనవాళ్లు పట్టుకుని వెనక్కి వెళ్లి లెక్కేస్తే, మొదటి రెండు కణాల వాటా చెరి సగం కాదు, సుమారు రెండింటికి ఒకటి. నీ లెక్కలో రెండూ సమానం. ఒకటి రెండో దానికంటే రెట్టింపు ఒంటిని కట్టింది!

అమ్మాయి: ఆ లెక్క నిజమే. కారణం దగ్గరే మనకి తేడా. బిడ్డ వచ్చేది పిండం అంతట్లోంచి కాదు, మొదట లోపలికి పడ్డ గుప్పెడు కణాల్లోంచి. బస్తాలో ఎర్రవి సగం, నల్లవి సగం కందులుంటే, గుప్పిటతో తీసినప్పుడు సగం సగమే రావాలని ఉందా? ఆరు తీస్తే నాలుగు ఎర్రవి, రెండు నల్లవి రావొచ్చు. గుప్పెడు చిన్నదయ్యేకొద్దీ తూకం ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ కణం గొప్పదని కాదు, దాని పిల్లలు ఆ వేళకి లోపల ఉన్నారంతే.

అన్నయ్య: మరి నాలుగు కణాలప్పటి గుర్తులు?

అమ్మాయి: అది కొట్టిపారేయను. మొగ్గు ఉంది. తీర్పు లేదు. మొగ్గు ఉన్న కణాన్ని తీసుకెళ్లి బయట పెడితే అది గోడే అవుతుంది.

అన్నయ్య: మొగ్గు ఉందని ఒప్పుకున్నావు కదా, నాకది చాలు. ఇంకోటి ఒప్పుకోవాలి నువ్వు. లోపలి ముద్ద మళ్లీ రెండుగా చీలుతుంది కదా, ఎపిబ్లాస్ట్ అని, హైపోబ్లాస్ట్ అని. ఒకదాంట్లోంచి శరీరం, రెండోదాంట్లోంచి పచ్చసొన సంచి గోడ. అక్కడ చోటు ఏమైంది?

(అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తప్పు ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడు చిన్నప్పటినుంచీ అంతే, ముందు జడ కొస పట్టుకుంటుంది.)

అమ్మాయి: అక్కడ మీరన్నది నిజమే. చోటు తర్వాత వస్తుంది. ముద్దలో కణాలన్నీ మొదట నానోగ్, గాటా6 అనే రెండు ప్రోటీన్లనీ చేస్తుంటాయి. తర్వాత ఒక్కోటీ ఒకదాన్ని వదిలేస్తుంది. అప్పుడు చూస్తే పొంగలికి కలిపిన బియ్యం, పెసరపప్పులా రెండు రకాలూ కలగలిసి ఉంటాయి. ఎక్కడ కూర్చున్నదానికీ ఏ రకమన్నదానికీ పొత్తు లేదు. తర్వాత గాటా రకానివి బుడగ నీటివైపు జరిగి వరస కడతాయి. చోటు చేరుకోలేనివి చచ్చిపోతాయి.

అన్నయ్య: ముందు జాతి, తర్వాత చోటు.

అమ్మాయి: జాతి కాదు మావయ్యా, ఇరుగుపొరుగు. నానోగ్ నిలబెట్టుకున్న కణం ఎఫ్‌జీఎఫ్4 అనే పదార్థాన్ని బయటికి వదులుతుంది. అది తాకిన పక్కది గాటా వైపు పోతుంది. ఎలుక పిండానికి దాన్ని బయటినుంచి దండిగా పోస్తే ముద్ద మొత్తం హైపోబ్లాస్టే. దాని దారి మూసేస్తే మొత్తం ఎపిబ్లాస్టే. పుట్టుకతో తేలిపోయిన కణాలు పక్కవాళ్ల మాటకి అలా మారతాయా? మీకు తెలియనిదా? ఒకే కాన్పులో కోడెదూడ, పెయ్యదూడ కవలలుగా పుడితే ఆ పెయ్య పెద్దయ్యాక ఏమవుతుంది?

అన్నయ్య: చూడి కట్టదు. నూటికి తొంభైకి తగ్గకుండా గొడ్డుబోతే. మాయలు కలిసిపోయి, కోడె రక్తం దానికి ఎక్కుతుంది.

అమ్మాయి: రక్తం ఎంత మేలుజాతిదైనా?

(అన్నయ్య నోటుపుస్తకం మూశాడు. చేతిలోని పెన్సిలు మాత్రం వదల్లేదు.)

అన్నయ్య: పోనీ, గోడకి, బిడ్డకి పొత్తు లేదనే అనుకుందాం. అప్పుడు గోడలో పుచ్చున్నా నీకు చింత లేదన్నమాట. మాయే కదా, ఈనాక పెంటలో పాతేసేదే.

అమ్మాయి: ఆ మాట మాత్రం అనకండి. ముద్దకి అన్నం పెట్టేది గోడ. ఆరో రోజు, ఏడో రోజు తల్లి గర్భసంచిని పట్టుకునేది అదే, తొలుచుకుని లోపలికి వెళ్లేది అదే. ప్రెగ్నెన్సీ కిట్టులో రెండో గీత ఎలా వస్తుందనుకున్నారు? హెచ్‌సీజీ హార్మోన్ చేసేది ఈ గోడ సంతానమే. తల్లికి మొదటి కబురు పంపేది బిడ్డ కాదు, మాయ. అది పాడైతే బిడ్డ ఎదుగుదల ఆగుతుంది, గర్భం పోతుంది. ఒక్కోసారి అసలు బిడ్డే లేకుండా గోడ సంతానం ఒక్కటే పెరిగిపోతుంది, ముత్యాల గర్భం అంటామే, అది. ఇంకా కట్టు తప్పితే కేన్సరు.

అన్నయ్య: కోరియోకార్సినోమా. దానికి మందు ఎవరి చలవో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిది. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం చేసిన మెథోట్రెక్సేట్. ఆయన 1948లోనే పోయారు. 1956లో అమెరికాలో లీ, హెర్ట్జ్ ఆ మందుతో ఈ కేన్సరు తగ్గిందని ప్రకటించారు. గడ్డగా పెరిగే కేన్సరు మందులతో నయమవడం అదే మొదలు. ఆ మాట ఆయన వినకుండా పోయారు.

(అన్నయ్య గొంతు మారింది. సుబ్బారావుగారి మాట ఎత్తితే మా ఇంట్లో ఎవరిదైనా మారుతుంది. విపరీతమైన వేగంతో చీలే ఆ గోడ సంతానాన్ని ఫోలిక్ ఆమ్లం అందకుండా చేసి ఆపే మందు అది. గర్భం గొట్టంలో నిలిచిపోయినప్పుడు ఆపరేషను లేకుండా కరిగించడానికి ఇవాళ్టికీ దాన్నే వాడుతున్నారు.)

అన్నయ్య: అయితే ఇప్పుడు చెప్పు. గోడ ముఖ్యం అంటావు. గోడలో తేడా కనబడింది అంటావు. అయినా పెట్టొచ్చంటావు. ఎలా?

అమ్మాయి: జెర్నికా-గోట్జ్ పేరు మీరే ఎత్తారు. ఆవిడ కథ వినండి. తనే 44 ఏళ్ల వయసులో గర్భంతో ఉన్నప్పుడు మాయ ముక్క తీసి పరీక్ష చేశారు. పావువంతు దాకా కణాల్లో రెండో క్రోమోజోము ఒకటి ఎక్కువ ఉందని వచ్చింది. ఆవిడ ఆగింది. బాబు ఆరోగ్యంగా పుట్టాడు. ఆవిడ దాన్ని అదృష్టమని వదిలెయ్యకుండా ల్యాబుకి తీసుకెళ్లింది. ఎలుక పిండాల్లో సగం మంచి కణాలు, సగం లెక్క తప్పిన కణాలు కలిపి చూశారు. 2016లో వచ్చింది ఆ పని. ముద్దలో ఉన్న తప్పుడు కణాలు తమంతట తామే చచ్చిపోయాయి, మంచివి ఆ చోటు నింపాయి. గోడలో ఉన్నవి చావలేదు, మెల్లగా చీలుతూ ఉండిపోయాయి. అంటే గోడలో తేడా కనబడుతున్నా ముద్ద తనని తాను శుభ్రం చేసుకుని ఉండొచ్చు.

అన్నయ్య: ఉండొచ్చు.

అమ్మాయి: ఉండొచ్చు అనే అంటున్నా. 2015లో ఇటలీ డాక్టర్లు ఇలాంటి మొజాయిక్ పిండాల్నే 18 మంది తల్లులకి పెట్టారు. ఆరుగురు బిడ్డలు పుట్టారు, ఆరుగురూ ఆరోగ్యంగా.

అన్నయ్య: మిగతా పన్నెండుగురు తల్లులు? వాళ్ల సంగతి చెప్పావా ఫోన్లో?

అమ్మాయి: చెప్పాను.

అన్నయ్య: నేను ఆవుకి పిండం పెడితే, నిలవకపోతే ఒక ఎద పోతుంది. రైతుకి నష్టం, నాకు చెడ్డపేరు, అక్కడితో సరి. ఆ దంపతుల్లో ఆవిడ ఇప్పటికి ఎన్నిసార్లు ఏడ్చి ఉంటుందో నీకు తెలుసు. మళ్లీ ఆశ పెడుతున్నావు. ఆశ ఉన్నవాళ్లకి 'ఉండొచ్చు' అనే మాట 'ఉంది' అనే వినబడుతుంది. అలాంటప్పుడు వద్దని చెప్పడం డాక్టరు పని. నా కణాల లెక్క తప్పయితే కావచ్చు, ఈ మాట మాత్రం తప్పు కాదు.

అమ్మాయి: వద్దని చెప్పడానికి నా దగ్గర ఉన్నది గోడలోంచి తీసిన ఐదారు కణాలు. బిడ్డలోంచి తీసింది ఒక్కటీ లేదు. ఆ ఐదింటిని చూసి, వాళ్లకున్న ఒక్కదాన్నీ పారబోయమని చెప్పే హక్కు నాకు లేదు మావయ్యా. ఏం తెలుసో చెప్పాను. నిలిస్తే నాలుగో నెల దాటాక ఉమ్మనీరు తీసి చూడొచ్చని చెప్పాను, అందులో ఉండేవి బిడ్డవైపు కణాలు కాబట్టి. అప్పుడు చెడ్డమాట వినాల్సి వస్తే అది ఇప్పటికంటే కష్టంగా ఉంటుందని కూడా చెప్పాను.

అన్నయ్య: వాళ్లేమన్నారు?

అమ్మాయి: రెండ్రోజులు ఆలోచించుకుంటామన్నారు.

ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు. బయట ఎవరో కొమ్ములకి రంగులేసిన ఎడ్లని తోలుకుపోతున్నారు, మెడలో గంటలు వినబడుతున్నాయి. అన్నయ్య ఆ చప్పుడు దూరమయ్యేదాకా చెవి అటే పెట్టి, తర్వాత అడిగాడు, పిండాన్ని తను చూడొచ్చా అని.

పేషెంట్లవి చూపించకూడదంది అమ్మాయి. తన చదువు రోజుల్లో తీసిన ఎలుక పిండం వీడియో మాత్రం ఫోన్లో ఉందంది. మూడు రోజుల ఎదుగుదలని రెండు నిమిషాలకి కుదించింది. ముగ్గురం తలలు ఒకచోట పెట్టి చూశాం. ఒకటి రెండయింది. రెండు ఒక్కసారి వణికి నాలుగయ్యాయి. ఎనిమిది అయ్యాక అన్నయ్య ఆపమన్నాడు. పెన్సిలు కొనతో కుడివైపు పైనున్న కణాన్ని చూపించాడు.

"ఇది ముద్దలోకి పోతుంది. పందెం."

అమ్మాయి మళ్లీ నడిపింది. కణాలు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి, అంచులన్నీ చెరిగిపోయి ఒకే నున్నటి ఉండ అయింది. అన్నయ్య పెన్సిలు ఆ ఉండ మీద కుడికి జరిగింది, ఆగింది, కిందికి జరిగింది. ఉండ లోపల సన్నగా నీటి చెలమ మొదలైంది, పెరిగింది, బుడగ విచ్చుకుంది. ముద్ద ఎడమవైపు మూలన తేలింది.

"నాది ఎటు పోయింది?" అన్నాడు.

అమ్మాయికీ తెలియలేదు. వెనక్కి తిప్పమన్నాడు.